రాజవ్వ పీకిన తోట

మాలీ పని నేర్పమని ఈ మధ్య నా దగ్గరికి కొందరు వస్తున్నారు. కోర్సు చదివినవాళ్ళు ఉన్నారు, మరమగ్గాల పనితో విసిగి వచ్చినవాళ్ళు ఉన్నారు. అందరూ ముందు అడిగేది ఒకటే: ఏ మొక్కకు ఏ ఎరువు? అది ఎరువుల దుకాణంవాడు చెప్తాడు, పొమ్మంటాను. నేను చెప్పగలిగింది వేరు. ఇరవై ఏళ్ళకు పైగా బొంబాయి దగ్గరి భీవండి చుట్టుపక్కల తోటలు వేశాను. నాకు పేరు తెచ్చింది గడ్డి. నలుగురిలో నా పరువు తీసింది కూడా గడ్డే.

గులాబీ పెంచితే జనం వాసన చూసి మెచ్చుకుంటారు. మామిడి పెంచితే కాయ అడుగుతారు. గడ్డి పెంచితే మాత్రం "ఎప్పుడు పీకుతవ్?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ఓపిక లేనివాళ్ళు ఈ పనికి రాకండి. నాకు కూడా మొదట ఆ ఓపిక లేదు. ఒక ముసలమ్మ నేర్పింది.

సాంచెలు వదిలాను

నేను పుట్టింది కరీంనగర్ వైపు. పదిహేడో ఏట మేనమామ వెంట భీవండి వచ్చి శాంతి నగర్‌లో పవర్‌లూమ్ పనిలో పడ్డాను. మావాళ్ళు ఆ మరమగ్గాలను సాంచెలంటారు. పన్నెండు గంటల పాళీ, చెవుల నిండా గడగడ, ముక్కు నిండా దూది. పద్నాలుగేళ్ళు అట్లా నడిచింది. తర్వాత దగ్గు పట్టుకుంది. ధామన్కర్ నాకా దగ్గరి డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి చూసి, ఇంకా ఆ పనే చేస్తే నాలుగేళ్ళలో ఇంటి మెట్లు కూడా ఎక్కలేవన్నాడు. మా ఒంటిగది ఖోలీకి ఉన్నవే ఆరు మెట్లు. ఇంటికి వచ్చి చెప్తే నా భార్య సుగుణ కండెలు చుట్టడం ఆపి ఏడ్చింది. నాకూ భయం వేసింది. సాంచెలు తప్ప నాకు ఇంకో పని రాదు.

అప్పట్లో మాన్కోలి రోడ్డు మీద గోదాములు ఒక్కొక్కటే లేస్తున్నాయి. వాటి మధ్య ఒక నర్సరీ ఉండేది. దాని యజమానిని అందరూ కాకా అనేవారు. మరాఠీ మనిషి, పరమ కోపిష్ఠి, మొక్కలను కూడా తిట్టేవాడు. తెగిన పోగు అతికే చెయ్యికి నారు నాటడం కష్టం కాదని నన్ను పెట్టుకున్నాడు. మూడేళ్ళు పనిచేశాను. ఆయన నేర్పిన వాటిలో ఒకటి మీకు ఇప్పుడే ఇస్తున్నాను. "గిరాకీ అడిగిన మొక్క ఇయ్యకు. గిరాకీ చంపలేని మొక్క ఇయ్యి." నా వృత్తి అంతా ఈ ఒక్క మాట మీదే నడిచింది. గడ్డిని ఎవరూ చంపలేరని నమ్మాను. అప్పటికి నాకు రాజవ్వ తెలియదు.

ఎవ్వలింట్ల లేనిది

సత్తయ్య సేటు మావైపు మనిషే. చిన్నతనంలో ఉత్త చేతులతో వచ్చి సాంచెలు నడిపి, తర్వాత సాంచెలు కొని, ఊరి చివర బంగళా కట్టుకున్నాడు. బంగళా వెనకాలే ఫోల్డింగ్ షెడ్డు. కారఖానాల్లో నేసిన ముతక బట్ట అక్కడికి వస్తుంది. చూసి, మడతపెట్టి, తాకాలు కట్టి, రంగులద్దేవాళ్ళకు పంపుతారు. తాకా అంటే ఒక బట్ట చుట్ట అనుకోండి.

బంగళా ప్లాను గీసింది బొంబాయి నుంచి వచ్చిన ఆర్కిటెక్టు మేడం. సన్నటి మనిషి, పెద్ద కళ్ళద్దాలు. తోట దగ్గరికి వచ్చేసరికి ఆమె లాన్ వద్దంది, క్రోటన్లు వద్దంది, ఫౌంటెన్ అసలే వద్దంది. చుట్టుపక్కల గుట్టల మీద పెరిగే గడ్డి తెచ్చి పెడదామంది. గాలికి ఊగుతుంది, సీజనుకొక రంగు మారుతుంది, నీళ్ళు అక్కర్లేదు అని కాగితం మీద గీసి చూపించింది. సేటు ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"మేడం, గిది గడ్డి గద?"

"గడ్డే. కానీ భీవండిలో ఇంకెవరి బంగళాలోనూ ఇలాంటి తోట లేదు."

"ఎవ్వలింట్ల లేదా?"

"లేదు."

"అయితే పెట్టున్రి."

యజమానులు తోట ఎందుకు పెట్టించుకుంటారో ఆ రోజు అర్థమైంది. మీరు అందం గురించి గంటసేపు చెప్పకండి. పక్కింట్లో లేదని చెప్పండి, చాలు.

ఆనందం అని ఒక మాలీ ఉన్నాడని కాకా నా పేరు చెప్పాడు. సేటు నన్ను పిలిచి జీతం, షెడ్డు పక్కన ఒక ఖోలీ ఇస్తానన్నాడు. ఆ ఖోలీకి మెట్లు లేవు. సుగుణ దానికే ఒప్పుకుంది. కానీ సేటు చివర్లో ఒక మాట అన్నాడు.

"దీపావళి దాటినంక మేడం ఫొటోలు తీసేటోళ్ళను తీస్కొస్తదట. అప్పటిదాక తోట నిలవడ్డదా, నువ్వు ఈడ పర్మనెంటు. నిలవడలేదా, ఫికర్ చెయ్యకు ఆనందం, మనోనివి గద, ఆరు సాంచెలిస్త. నడుపుకో."

పాపం, ఆయన దయతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ ఆరు సాంచెల చప్పుడు అక్కడే వినబడింది. ఈ గడ్డి నిలిస్తే నా ఛాతీ నిలుస్తుంది, లేకపోతే లేదు. అంతే లెక్క.

టెంపోలో గడ్డి

గడ్డి ఏ నర్సరీలోనూ దొరకదు. అడిగితే కాకా కూడా నవ్వాడు. మిరుగం కార్తెలో నాలుగు వానలు పడ్డాక టెంపో మాట్లాడుకుని వాడా అనే ఊరి వైపు గుట్టలెక్కాను. రెల్లు, వట్టివేరు గడ్డి, నలిపితే వాసన వచ్చే కామంచి గడ్డి, ఇంకా ముళ్ళగడ్డి. ఈ చివరిదాన్ని అక్కడివాళ్ళు కుసళి అంటారు. కంకి రాగిరంగులో ఉండి సాయంత్రపు ఎండలో మెరుస్తుంది. దాని గింజకు సూదిలాంటి ముల్లు, ముల్లుకు తోక. దాని సంగతి తర్వాత చెప్తాను.

గుట్ట మీద మేకలు కాసే ముసలాయన నా తవ్వకాన్ని చాలాసేపు చూసి, దగ్గరికి వచ్చి, ఏం పోగొట్టుకున్నావని అడిగాడు. ఏమీ లేదు, గడ్డి తీసుకుపోతున్నానన్నాను. ఎడ్లున్నాయా అన్నాడు. లేవన్నాను. బర్రెలు? లేవు. మరి ఎవరు తింటారు? ఎవరూ తినరు, చూస్తారు అన్నాను. ఆయన తన మేకలను తోలుకుని గబగబా అవతలి వైపు పోయాడు.

తిరిగి వస్తుంటే తనిఖీ నాకా దగ్గర పోలీసాయన టెంపో ఆపాడు. గడ్డి కింద ఏముందన్నాడు. మట్టి ఉందన్నాను. మట్టి కింద? టెంపో ఉందన్నాను. కర్రతో పొడిచి చూశాడు, వంగి వాసన చూశాడు. ఒక సేటు బంగళా ముందు నాటడానికి తీసుకుపోతున్నానని చెప్పేసరికి ఆయన ముఖంలో అనుమానం పోయి జాలి వచ్చింది. "జానే దో, దిమాగ్ సే హల్కా హై" అని, అంటే పోనీ, బుర్ర కొంచెం తేలిక అని, డ్రైవరుతో మెల్లగా అన్నాడు. అట్లా ఏడు ట్రిప్పులు తెచ్చాను. ఏడో ట్రిప్పుకు ఆయనే చెయ్యూపి పంపించాడు.

మేకలు కావు

నాటిన మూడో వారం నుంచి గడ్డి మాయం కావడం మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి వచ్చి చూస్తే ఇరవై ముప్పై దుబ్బులు ఊడి ఉండేవి. వాచ్‌మన్‌ను అడిగితే మేకలన్నాడు. కంచె కట్టించాను. మర్నాడు నలభై పోయాయి.

నేను కూర్చుని ఊడిన దుబ్బులను చూశాను. ఒక్క ఆకు కొరికి లేదు. అన్నీ కుప్పలుగా వేసి ఉన్నాయి, వేళ్ళు పైకి, ఆకులు కిందికి. మా ఊళ్ళో పొలాల గట్ల మీద కలుపు కుప్పలు అట్లాగే ఉంటాయి. వేరు మట్టికి తగిలితే కలుపు మళ్ళీ బతుకుతుందని అట్లా వేస్తారు. ఇంకోటి కూడా గమనించాను. గడ్డి మధ్యలో దానంతటదే మొలిచిన గునుగు మొక్కలను ఎవరూ ముట్టలేదు. గునుగు పువ్వు లేకుండా బతుకమ్మ పేర్చరు కదా. మరి మేకలకు బతుకమ్మ ఏం తెలుసు?

మర్నాడు పొద్దు పొడిచేసరికి వచ్చి గోడ పక్కన నిలబడ్డాను. బంగళా వెనక తలుపు తెరుచుకుంది. ఒక ముసలమ్మ, చీర కుచ్చిళ్ళు పైకి చెక్కుకుని, చేతిలో మట్టి పెళ్ళగించే చిన్న ఖుర్పీతో దిగింది. గొంతుక్కూర్చుంది. ఎడమ చెయ్యి దుబ్బును పడుతుంది, కుడి చెయ్యి కింద నుంచి లేపుతుంది, దుబ్బు పక్కకు పడుతుంది. ఒక్క వేరు తెగదు. కళ్ళు మూసి తెరిచేలోగా ఆరు దుబ్బులు. నాకు కోపం రావాలి. ముందు వచ్చింది మాత్రం ఆశ్చర్యం. ఇట్లాంటి చేతిపని నర్సరీలో మూడేళ్ళలో చూడలేదు.

ఆమె రాజవ్వ, సత్తయ్య సేటు కన్నతల్లి. వానలు మొదలయ్యాక ఊరినుంచి తెచ్చుకున్నాడు. బుద్ధి తెలిసినప్పటినుంచి ఇతరుల పొలాల్లో కలుపు తీసే కైకిలి, అంటే కూలిపని, చేసిన మనిషి.

"అవ్వా, ఆగు! ఏం చేస్తున్నవ్?"

"కండ్లు లేవా? కలుపు తీస్తున్న. నువ్వెవలు పిలగా?"

"నేను మాలీని అవ్వా. ఆనందం."

"నువ్వేనా! ఇంత గడ్డి మొలిచెదాక ఏం పీకుతున్నవ్ మరి? జీతం తీసుకుంటలేవా?"

"అవ్వా, ఇది నేనే నాటిన. సేటు పైసలిచ్చి పెట్టించిండు."

రాజవ్వ నా ముఖం చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కింద చతికిలబడి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "గడ్డికి పైసలా? నా కొడుకా? పండుగకు కొత్త చెప్పులు కొనుక్కోరా అంటెనే కొననోడు!" అంది. మళ్ళీ పీకడం మొదలుపెట్టింది.

యుద్ధం

పరిగెత్తుకుంటూ సేటు దగ్గరికి పోయాను. ఆయన సంగతి విని గొంతు తగ్గించాడు. "మా అవ్వకు నేను చెప్పాల్నా? ఆమె ఎడమ చేతి దెబ్బ నువ్వింక సూడలే. నువ్వే ఏదన్న జేస్కో." యాభై మంది పనివాళ్ళను గడగడలాడించే మనిషి అట్లా అన్నాడు.

మేడంకు ఫోన్ చేస్తే ప్రతి దుబ్బు దగ్గరా పేరు రాసిన బోర్డు పెట్టమంది. అందమైన చెక్క బోర్డులు పెట్టించాను. రాజవ్వకు చదువు రాదు. గొంతుక్కూర్చుంటే మోకాళ్ళు నొస్తున్నాయని ఆ బోర్డులు ఊడదీసి వాటి మీద కూర్చుని కలుపు తీసింది. పీటలు పెట్టించినందుకు నన్ను మెచ్చుకుంది కూడా.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. ఇది మందు గడ్డి అవ్వా అన్నాను. ఏ నొప్పికి అంది. తొందరలో మోకాళ్ళ నొప్పికి అనేశాను. ఇంతకంటే తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు. మర్నాటికి మొత్తం కామంచి గడ్డి పీకి ఉడకబెట్టి కాపడం పెట్టుకుంది. నొప్పి తగ్గిందంది. మూడో రోజు గేటు ముందు పదిహేను మంది ఆడవాళ్ళు సంచులతో నిలబడ్డారు. "రాజవ్వ గడ్డి ఈడ్నే ఇస్తరా?" అని అడిగారు. నేను మళ్ళీ వాడా పోవలసి వచ్చింది. అబద్ధం చెప్పకండి అని మీకు నీతి చెప్పను. చెప్పేముందు ఎదుటివాళ్ళకు ఏ నొప్పి ఉందో కనుక్కోండి.

చివరికి ఒక పద్ధతి దానంతటదే కుదిరింది. రాజవ్వ పొద్దున పొద్దు పొడిచినప్పటినుంచి ఎనిమిదింటిదాకా పీకేది. తర్వాత జొన్న గట్క తాగి పడుకునేది. ఎనిమిదిన్నరకు నేను ఆ కుప్పలు విప్పి, తడి గోనెలో వేసి, పదకొండింటికల్లా మళ్ళీ నాటి నీళ్ళు పోసేవాణ్ణి. ప్రతిరోజూ. ఆదివారం చర్చికి పోయేవాణ్ణి కాబట్టి సోమవారం తోట గుండు కొట్టించినట్టు ఉండేది, ఆ రోజు రెండింతల పని. సుగుణ ఖోలీ గడపలో కూర్చుని చూసేది. "ఆమె పీకుడు, నువ్వు పెట్టుడు. మీ ఇద్దర్ల ఎవలికి పిచ్చో నాకు సమజైతలేదు" అనేది. నాకూ సమజయ్యేది కాదు. సాంచెలు గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో దుబ్బు నాటేవాణ్ణి.

రాజవ్వకు కూడా ఒక ఆశ్చర్యం ఉండేది. "ఈ ఊరి గడ్డి శాన మొండిది పిలగా. నిన్న పీకిన తావులనే మళ్ల మొలుస్తది."

"అవునవ్వా. భీవండి నేల అట్లాంటిది."

"ఉండనీ. నేను దానికంటె మొండిదాన్ని."

ఒక విచిత్రం జరిగింది. ఆమె వేరు తెగకుండా తీస్తుంది కాబట్టి పెద్ద దుబ్బులు రెండుగా విడివడేవి. నేను రెండింటినీ నాటేవాణ్ణి. బతుకమ్మ పండుగ నాటికి మేడం గీసినదానికంటే తోట చిక్కబడింది. దుబ్బును విడదీయడం ఎట్లా అని మీరు అడుగుతారు కదా, నేను నేర్చుకుంది గోడ పక్కన నిలబడి ఆమె చేతులు చూసే.

నా తప్పు

ఇప్పుడు ముళ్ళగడ్డి సంగతి. సాయంత్రపు ఎండ పడాలని మేడం దాన్ని పడమటి వైపు గీసింది. పడమటి వైపు ఉన్నది ఫోల్డింగ్ షెడ్డు. రాజవ్వ అది చూసిన రోజే నన్ను పిలిచింది.

"ఆనందం, గీ ముళ్ళగడ్డి బట్ట పక్కపొంటి పెట్టకు. చీర కుచ్చిళ్ళను పట్టుకుంటె కాలు దాక దిగుతది. తీసెయ్."

పీకడానికి ఇదో కొత్త సాకు అనుకున్నాను. తీయలేదు సరికదా, ఆ ఒక్క మడికి చుట్టూ ఇనుప జాలీ కట్టించి తాళం వేశాను. తోట మొత్తంలో రాజవ్వ చెయ్యి పడని చోటు అదొక్కటే. అందుకే అది ఏపుగా పెరిగింది. రాగిరంగు కంకులు షెడ్డు కిటికీ ఎత్తుకు వచ్చాయి. నేను పద్నాలుగేళ్ళు బట్ట నేసినవాణ్ణి. గింజకు సూది ఉందని తెలిసినవాణ్ణి. ఆ రెండూ కలిపి ఆలోచించలేదు. రోజూ పీకేది శత్రువు అనుకున్నాను కాబట్టి ఆమె చెప్పినదంతా శత్రువు మాట లాగే విన్నాను. ఈ పనిలో నేను చేసిన తప్పులన్నిటిలో ఇదే పెద్దది.

దీపావళి దాటాక పొడి గాలి మొదలైంది. షెడ్డు కిటికీలు తెరిచి ఉన్నాయి, లోపల బట్ట పరిచి మడతలు పెడుతున్నారు. ముతక బట్ట మీద ఎప్పుడూ పత్తి గింజల పొట్టు, దూది ఉంటాయి కాబట్టి ఇంకో నాలుగు పుల్లలు ఎవరి కంటా పడలేదు. ఆ రోజు బట్ట చూడడానికి దలాలు, అంటే బేరం కుదిర్చే దళారి, వచ్చాడు. బేరం మొదలయ్యేముందు అలవాటు ప్రకారం తాకాల దొంతర మీద హాయిగా కూర్చున్నాడు. కూర్చున్నంత వేగంగా లేచాడు. ఆయన కేక నేను తోటలో ఉండి విన్నాను. లోపలికి పోయి చూస్తే దలాలు రెండు చేతులూ వెనక పెట్టుకుని షెడ్డంతా తిరుగుతున్నాడు, పనివాళ్ళు నోళ్ళకు బట్ట అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. నేను కూడా నవ్వాను. సేటు ఒక తాకా విప్పాడు. ఇంకోటి విప్పాడు. ముళ్ళు బట్టలోకి దిగి, వాటి తోకలు ఒకదానికొకటి మెలిపడి ఉన్నాయి. అప్పుడు నవ్వు ఆగింది.

సేటు ఒక ముల్లు తీసి నా అరచేతిలో పెట్టాడు.

"అన్నం తింటున్నవా ఆనందం, గడ్డి తింటున్నవా?"

నేను విప్పిన తాకా ముందు కూర్చుని ఇంకో ముల్లు లాగాను.

మూడు రోజులు అందరం ముళ్ళు తీశాం. బట్టలో దారపు ముడులు తీసే చిమ్టాలు షెడ్డులో ఉంటాయి, అవి చాల్లేదు. సుగుణ వచ్చింది, వాచ్‌మన్ వచ్చాడు, దలాలు కూడా నిలబడే తీశాడు. రాజవ్వ చిమ్టా ముట్టలేదు, గోళ్ళతోనే అందరికంటే ముందుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మూడో రోజు మేడం ఫొటోలు తీసేవాళ్ళతో దిగింది. తోట అద్భుతంగా ఉంది, తోటలో మాత్రం మనిషి లేడు. షెడ్డులోకి వచ్చింది. అయిదు నిమిషాలు ఆగండి అన్నాం. ఆగడం ఎందుకని ఆమె కూడా ఒక అంచు పట్టుకుంది. కెమెరా మనిషి కళ్ళు మంచివని అతన్నీ కూర్చోబెట్టాం. మధ్యాహ్నందాకా అట్లాగే గడిచింది.

చివరి తాకా కట్టాక సేటు లేచి చేతులు దులుపుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను భయపెట్టింది.

"ఫొటోలు వద్దు మేడం. ఆనందం, రేపు మనుషుల్ని పెట్టి మొత్తం పీకెయ్. లాన్ ఏపిస్త. నువ్వు సోమారం నుంచి పాళీకి రా."

సుగుణ నా చెయ్యి పట్టుకుంది. నాకు అక్కడే దగ్గు వచ్చింది.

గడ్డిలో రాజవ్వ

రాజవ్వ ఒళ్ళోని ముళ్ళు దులిపి లేచింది. ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడిచింది. తోట నడిమధ్యకు పోయి, రెల్లు దుబ్బుల మధ్య కూర్చుంది. మేము అందరం వెనకాలే పోయాం. గడ్డి ఆమె తలకంటే ఎత్తుగా ఉంది, తెల్ల జుట్టు మాత్రం కనబడుతోంది.

"అవ్వా, లే. లోపట్కి పా" అన్నాడు సేటు.

"లెవ్వ."

"నీకు ఈ గడ్డి అంటెనే కోపం గదవ్వా. రోజు నువ్వే పీకుతవు. రేపు మొత్తం పోతది, నీకు తక్లీఫ్ ఉండది."

"మొత్తం పోతె పొద్దుగాల లేసి నేనేం చెయ్యాలె?"

సేటుకు అర్థం కాలేదు. "ఏం చేసుడేందవ్వా? రాణి లెక్క కూసో. టీవీ ఉన్నది, పనిమనిషి ఉన్నది."

"టీవీలున్న ఆడోళ్ళు ఏడుస్తరు, నేను కూసోని సూడాలె. బువ్వ వండితె వద్దంటవు. గిన్నెలు తోమితె వద్దంటవు. ఊరికి తోలుమంటె వద్దంటవు. ఇంత పెద్ద ఇంట్ల నా చేతులకు దొరికింది గీ గడ్డి ఒక్కటే. అది గూడ తీస్తవా? తీసెయ్, తీసెయ్. దాంతోటి నన్ను గూడ కుప్పెయ్."

సత్తయ్య సేటు గడ్డిని పక్కకు తప్పించి తల్లి వైపు చూశాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, అది చూసి నేను ముఖం తిప్పుకున్నాను. తర్వాత ఆయన నావైపు తిరిగాడు.

"ముళ్ళది తీసెయ్. తక్కింది ఉండనీ. నువ్వు గూడ ఉండు."

సుగుణ పైటతో ముఖం కప్పుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు. ఫొటోలు ఆ సాయంత్రమే తీశారు. మేడం ఎంత బతిమాలినా రాజవ్వ మధ్యలోనుంచి కదలలేదు. అందుకే ఆ ఫొటోలన్నిటిలో తోట మధ్య ఒక ముసలమ్మ వీపు ఉంటుంది, ఆమె ఏదో పీకుతూ ఉంటుంది.

తొట్టి

ఆ తర్వాత నాకు పని వెతుక్కుంటూ వచ్చింది. ఒక సేటు ఇంట్లో ఉన్నది ఇంకో సేటుకు కావాలి. మాన్కోలి గోదాముల ముందు కూడా రెల్లు పెట్టాను. బట్ట ఉన్న చోట ముళ్ళగడ్డి మాత్రం మళ్ళీ పెట్టలేదు. ఎక్కడ ఏం వేసినా పొద్దున ఎనిమిదిన్నరకు సత్తయ్య సేటు తోటలో ఉండేవాణ్ణి. ఆమె పీకినవి నాటేవాణ్ణి. ఏడేళ్ళు అట్లా నడిచింది.

ఒక వానాకాలం రాజవ్వ తడి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక లేచి నడవలేదన్నారు డాక్టర్లు. మంచం కిటికీ దగ్గర వేశారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, మొదటి వారం నాకు హాయిగానే అనిపించింది. నాటినది నాటినట్టు ఉంది. నెల తిరిగేసరికి తోట మేడం కాగితం మీద గీసినట్టే నిండుగా ఊగింది. దారిన పోయేవాళ్ళు ఆటోలు ఆపి చూసేవారు. రాజవ్వ మాత్రం కిటికీలోంచి ఒకసారి చూసి గోడ వైపు తిరిగి పడుకుంది. తినడం తగ్గించింది. పిలిస్తే పలకడం మానేసింది. సేటు బొంబాయి నుంచి పెద్ద డాక్టరును తెచ్చాడు. ఆయన బలానికి టానిక్ రాసిపోయాడు.

నాకు టానిక్‌లు తెలియవు. షెడ్డు వెనక పాత సిమెంటు తొట్టి ఒకటి ఉంటే కడిగి, అరచెయ్యి లోతుకు మెత్తటి మట్టి నింపాను. గరిక, తుంగ, చిన్న చిన్న రెల్లు పిలకలు, రెండు గునుగు మొక్కలు దగ్గర దగ్గరగా నాటాను. వాచ్‌మన్, నేను మోసుకుపోయి స్టూలు మీద, మంచం పక్కన, ఆమె చెయ్యి అందే ఎత్తులో పెట్టాం. ఇరవై ఏళ్ళ అనుభవంలో నేను వేసిన అతి చిన్న తోట అది.

రాజవ్వ తల తిప్పింది.

"ఏందిది?"

"తొట్టిలో కలుపు మొలిచిందవ్వా. ఎవరికీ తీరిక లేదు."

ఆమె చెయ్యి చాచి మట్టిని రెండు వేళ్ళతో నొక్కింది. అప్పుడే నాటిన మట్టి, ఇంకా వదులుగా ఉంది. ఒక పిలకను కదిలించి చూసింది. నన్ను చూసింది. నేను కిటికీ బయటికి చూశాను.

"మొలిచిందా?"

"మొలిచిందవ్వా."

"ఊఁ. మొలిస్తె పీకాలె మరి."

పడుకునే, ఎడమ చెయ్యి మోపి కుడి చేత్తో ఒక్కొక్కటే తీసి, వేళ్ళు పైకి పెట్టి తొట్టి అంచు మీద కుప్ప వేసింది. గునుగు రెండూ వదిలేసింది. గంట పట్టింది. తర్వాత గట్క అడిగి తాగింది. ఆమె నిద్రపోయాక నేను పోయి అన్నీ మళ్ళీ నాటి వచ్చాను.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి తొట్టిలో గునుగు రెండే మిగిలాయి. రాజవ్వ నా కోసమే చూస్తోంది.

"ఆనందం, ఇయ్యాల గడ్డి పలచగ మొలిచింది. రేపు జర దట్టంగ మొల్వమను."